మెదడు మడతలు, మన బాధ్యత

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కొంతకాలం ఈ రాజమండ్రిలోనే బడికి వెళ్లారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుడి కోపానికి గురై, ఎంబీబీఎస్ దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో 1922లో బోస్టన్ చేరారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. మధ్యలో ఉన్న ఆ పాతికేళ్లలో ఆయన చేసిన పని ఇవాళ్టికీ ప్రపంచమంతా మందుల షాపుల్లో అమ్ముడవుతోంది.

ఆయనకు రావలసిన గుర్తింపు రాలేదని ఇలాంటి సభల్లో బాధపడుతూనే ఉంటాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ గుర్తింపు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎవరి చేతిలోనో ఉన్న విషయం. ఆయన కనిపెట్టినదాన్ని మన ఆడపిల్లలకి, పుట్టబోయే పిల్లలకి అందేలా చూడటం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. నేను ఇవాళ దాని గురించే మాట్లాడదలిచాను.

అమెరికా వెళ్లకముందు సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధించారు. నా జీవితమూ అనాటమీ హాల్లోనే గడిచింది. అందుకని ఒక అవయవాన్ని, అందులోనూ దాని పైభాగాన్ని మాత్రమే తీసుకుంటాను. అది మెదడు ఉపరితలం. దాని మీది మడతలు. సుబ్బారావు గారు శ్రమించిన మూడు రసాయనాలు, అంటే ఫోలిక్ ఆమ్లం, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, ఆ మడతల కథలో కీలకమైన ఘట్టాలన్నిటిలోనూ ఎదురవుతాయి.

ముందు మెదడును చూద్దాం. ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడును నీళ్లతో కడిగి ట్రేలో పెడతాం. పెద్దవాళ్ల మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు తూగుతుంది. పైన పలచని పొర ఒకటి ఉంటుంది, దాని నిండా రక్తనాళాలు. ఫోర్సెప్స్‌తో ఓ అంచు పట్టి లాగితే గట్ల మీద సులువుగా ఊడొస్తుంది. గాడుల్లోకి దిగిన చోట మాత్రం మొరాయిస్తుంది. అక్కడ తొందరపడితే పొరతోపాటు మెదడు ముక్క కూడా వచ్చేస్తుంది. ఓపికగా తీశాక బయటపడుతుంది అసలు రూపం. ఉబ్బెత్తుగా ఉన్న గట్టును గైరస్ అంటాం, రెండు గట్ల నడుమ గాడిని సల్కస్ అంటాం. మొదటిసారి చూసిన విద్యార్థికి అంతా ఒకే గజిబిజి. కొన్నాళ్లు వేళ్లతో తడిమాక దారులు తెలుస్తాయి.

నడినెత్తి నుంచి చెవి వైపు దిగే పెద్ద గాడి ఒకటుంది, దాన్ని కేంద్ర సల్కస్ అంటారు. దానికి ముందున్న గట్టు కదలికలకు, వెనకున్న గట్టు స్పర్శకు. ముందు గట్టు మీద ఒకచోట గుండ్రంగా వెనక్కి పొడుచుకొచ్చిన చిన్న మలుపు కనిపిస్తుంది. చెయ్యి కదలికలు అక్కడ ఉంటాయి. ఎడమవైపు నుదుటి భాగంలో కింది గట్టు దెబ్బతింటే మాట తడబడుతుందని, లేక పూర్తిగా పోతుందని 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా చూపించారు. చెవి పైనున్న లోతైన పక్క గాడిని రెండు వేళ్లతో విడదీస్తే, లోపల పూర్తిగా దాగిపోయిన మరో దీవి లాంటి భాగం కనిపిస్తుంది. దాని పేరు ఇన్సులా. అది బయటికి అసలు అగుపించదు.

ఇప్పుడు కత్తితో అడ్డంగా కోద్దాం. అంచున బూడిద రంగు పట్టీ ఉంటుంది, మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అదే కార్టెక్స్, తెలుగు పాఠాల్లో వల్కలం. మన చూపు, మాట, జ్ఞాపకం, ఆలోచన ఆ పలచని పట్టీలో ఉన్న సుమారు 1,600 కోట్ల నాడీకణాల మీద ఆధారపడి ఉన్నాయి. రెండు అర్ధగోళాల కార్టెక్స్‌నీ విప్పి పరిస్తే 2,000 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు గాడుల గోడల్లో దాక్కుని ఉంటుంది, మూడో వంతే పైకి కనిపిస్తుంది. మడతలు లేకపోతే ఇంత కార్టెక్స్ మన పుర్రెలో పట్టదు. దూరంగా ఉన్న భాగాలను కలిపే నాడీ తంతువులూ మరీ పొడవైపోతాయి.

మరి ఈ మడతలు ఎవరు వేశారు? ఆత్రేయపురంలో పూతరేకు మడిచేటప్పుడు ఒక చెయ్యి ఉంటుంది. రేకు ఎక్కడ తిప్పాలో, ఎన్ని పొరలు వేయాలో ఆ చేతికి తెలుసు. మెదడును మడిచే చెయ్యి ఏదీ లేదు. పెరుగుదలే దాన్ని మడుస్తుంది.

గర్భంలో ఐదో నెల దాకా శిశువు మెదడు దాదాపు నున్నగా ఉంటుంది. పక్క గాడి లాంటి ఒకటి రెండు పల్లాలు మాత్రం అంతకుముందే కనిపిస్తాయి. 20 నుంచి 24 వారాల మధ్య కేంద్ర సల్కస్ జాడ తెలుస్తుంది. 28 వారాలు నిండేసరికి ముఖ్యమైన గాడులన్నీ వాటి వాటి చోట్లలో ఉంటాయి. ఆ తర్వాత చివరి మూడు నెలల్లో కొమ్మలు, ఉపకొమ్మలు వేగంగా వస్తాయి. కొన్ని చిన్న మడతలు పుట్టిన తర్వాత కూడా ఏర్పడతాయి. గర్భంలో శిశువు అవయవాలను చూసే టిఫా స్కాన్ 18, 20 వారాలకు తీస్తారు. ఆ నాటికి మెదడు నున్నగా ఉండటమే సహజం. "మడతలు కనబడలేదట" అని ఎవరైనా తల్లి కంగారుపడితే ఈ మాట చెప్పండి.

పెరుగుదల ఎలా మడుస్తుందో చూపించిన చక్కని ప్రయోగం 2016లో వచ్చింది. సుబ్బారావు గారు పనిచేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న ఎల్. మహదేవన్ గారు, ఫిన్లాండ్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, మడతలు పడని గర్భస్థ శిశువు మెదడు ఎం.ఆర్.ఐ. చిత్రాల ఆధారంగా మెత్తని జెల్‌తో ఒక నమూనా చేశారు. దానికి కార్టెక్స్ బదులు మరో జెల్ పూత పూసి, ద్రావకంలో ముంచారు. పై పూత ద్రావకాన్ని పీల్చి ఉబ్బింది. లోపలి భాగం అంతగా ఉబ్బలేదు. విస్తరించడానికి చోటు చాలని పై పొర లోపలికి ముడుచుకుంది. నిమిషాల్లో గట్లు, గాడులు వచ్చాయి. వాటి పరిమాణం, ప్రధాన దిశలు నిజమైన మెదడును చాలావరకు పోలి ఉన్నాయి. జీవం లేని జెల్‌లో, ఏ జన్యువూ లేకుండా, ఒట్టి భౌతిక సూత్రం వల్ల వచ్చిన మడతలవి.

దాని అర్థం జన్యువులకు పని లేదని కాదు. పై పొర ఎంత వేగంగా, ఎక్కడెక్కడ పెరగాలో నిర్ణయించేది జన్యువులే. మెదడు లోపలి కుహరాల అంచున పుట్టిన నాడీకణాలు, సన్నని తంతువుల వెంట పాక్కుంటూ పైకి చేరి వరసలు కడతాయి. 1993లో గుర్తించిన లిస్-1 అనే జన్యువు దెబ్బతింటే ఆ ప్రయాణం సగంలో ఆగిపోతుంది. కార్టెక్స్ మందంగా, మెదడు నున్నగా మిగులుతుంది. ఆ బిడ్డకు మూర్ఛలు వస్తాయి, ఎదుగుదల కుంటుపడుతుంది. గర్భంలో సైటోమెగలో వైరస్ లాంటివి సోకితే మడతలు మరీ చిన్నవిగా, కిక్కిరిసి ఏర్పడవచ్చు. అంటే మడతలు సరిగ్గా రావాలంటే కణాలు తగినన్ని పుట్టాలి, వేళకు గమ్యం చేరాలి, పోషణ అందాలి, ప్రాణవాయువు అందాలి. ఇవన్నీ జరిగేది తల్లి ఒంట్లో.

ఇక్కడ కాసేపు ఆగి ఒక పాత అపోహను తొలగించాలి. ఎక్కువ మడతలు అంటే ఎక్కువ తెలివి అనుకునేవారు నేటికీ ఉన్నారు. ఈ వాదం చాలా పాతది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రటస్ ఇలాగే అన్నాడు. రోమ్‌లో వైద్యుడు గేలెన్ దాన్ని కొట్టేశాడు, గాడిద మెదడు నిండా మడతలే కదా అని అడిగాడు. డాల్ఫిన్ మెదడులో మనకంటే ఎక్కువ మడతలున్నాయి. సాధారణంగా జంతువు మెదడు పెద్దదవుతున్నకొద్దీ మడతలు పెరుగుతాయి. ఎలుక మెదడు నున్నగా ఉండటానికి ముఖ్య కారణం అది చిన్నది కావడమే.

మనుషుల్లో అయితే ఈ వాదం ఎంత బలహీనమో ఒక్క సంఘటన చాలు. గణితంలో మహామహుడు కార్ల్ ఫ్రెడ్రిక్ గాస్ 1855లో జర్మనీలోని గోటింగెన్‌లో మరణించాడు. ఆయన మెదడును రుడాల్ఫ్ వాగ్నర్ పరీక్షించి, బొమ్మలు గీయించి, సీసాలో భద్రపరిచాడు. మేధావి మెదడు అని ఎందరో దాన్ని చూశారు. ఇటీవలి కాలంలో గాస్ పేరుతో ఎం.ఆర్.ఐ. కూడా తీశారు. 2013లో రెనాటే ష్వైట్సర్ అనే పరిశోధకురాలు ఆ చిత్రాల్లో కేంద్ర సల్కస్ రెండు ముక్కలుగా ఉండటం గమనించారు. అది చాలా అరుదైన విషయం. వాగ్నర్ గీయించిన గాస్ మెదడు బొమ్మలో అలా లేదు. అదే ఏడాది మరణించిన వైద్యుడు ఫుక్స్ మెదడు బొమ్మలో ఉంది. సీసాలు ఎప్పుడో తారుమారయ్యాయి! 150 ఏళ్లకు పైగా వేరొకరి మెదడును గాస్ మెదడు అనుకున్నారు. మడతలు చూసి "ఇది గణిత మేధావిది కాదు" అని ఒక్కరూ పట్టుకోలేకపోయారు. చివరికి దొరికిందీ మడతల వల్లే. అవి ఎవరి మెదడో చెప్పగలిగాయి, ఎంత తెలివో చెప్పలేకపోయాయి. కవల పిల్లల మెదళ్లలో కూడా మడతలు అచ్చంగా ఒకేలా ఉండవు.

పందొమ్మిదో శతాబ్దంలో మెదడు మడతలు చూపించి ఫలానా జాతి గొప్పది, ఫలానా జాతి తక్కువది, ఆడవాళ్లకు బుద్ధి తక్కువ అని రాసినవాళ్లు ఉన్నారు. దాని వెనక శాస్త్రం లేదు, అహంకారం ఉంది. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే ఏ మాటకూ మెదడు సాక్ష్యం చెప్పదు. విద్యార్థులు ఈ విషయంలో గట్టిగా నిలబడాలి.

మడతలు తలరాతా కాదు. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో మతిమరుపు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. అక్షరం ముక్క రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలగలిసిన వీధుల్లో బతికిన మామూలు మనుషుల మీద జరిగిన అధ్యయనం అది. జీవితం మెదడును చివరిదాకా మలుస్తూనే ఉంటుంది. కానీ పునాది పడేది గర్భంలో. అక్కడ నష్టం జరిగితే తర్వాత ఎంత ప్రయత్నించినా పూర్తిగా పూడ్చలేం. అందుకే మిగిలిన సమయమంతా దానికే కేటాయిస్తాను.

మొదటి ఘట్టం నాలుగో వారానికే ముగుస్తుంది. గర్భం నిలిచిన పద్దెనిమిది, పంతొమ్మిది రోజులకు పిండం వీపు మీద ఒక పలక లాంటి భాగం ఏర్పడుతుంది. దాని రెండు అంచులూ లేచి ఒకదానివైపు ఒకటి వంగి అతుక్కుంటాయి. 28వ రోజుకల్లా అది గొట్టంగా మూసుకుపోతుంది. దాని పేరు నాడీ నాళం. మెదడు, వెన్నుపాము అందులోంచే వస్తాయి. మెదడు జీవితంలో తొలి మడత ఇదే. తల వైపు మూసుకోకపోతే మెదడే ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు. వెన్ను వైపు మూసుకోకపోతే స్పైనా బైఫిడా, అంటే కాళ్ల పక్షవాతం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం. నెల తప్పి రెండు వారాలు గడిచేసరికి ఈ మడత పడటం పూర్తయిపోతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదయ్యే నాటికి ఈ ఘట్టం దాటిపోయి ఉంటుంది.

ఆ అంచులు సరిగ్గా అతుక్కోవడానికి ఫోలేట్ కావాలి. దీని కథలో మన దేశం మొదటి నుంచీ ఉంది. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన మిల్లు కార్మికుల్లో ఒకరకం తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్నది ఫోలేట్ అని తర్వాత తేలింది. 1941లో పాలకూర ఆకుల్లోంచి దాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ స్ప్రూకి ఇవాళ వాడే మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. ఇద్దరు అన్నదమ్ములు పోయిన ఇంటినుంచి వెళ్లిన మనిషి చేతుల మీదుగా అది ప్రపంచానికి దక్కింది.

అదే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినాప్టెరిన్ కూడా తయారైంది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితం చూపించారు. గర్భంలో ఉండగా ఆ మందు పడితే శిశువుకు తీవ్రమైన అంగవైకల్యాలు వస్తాయని 1950లలో వైద్యులు గమనించారు. ఫోలేట్ పని ఆగితే గర్భంలో ఏమవుతుందో అలా ఒక సూచన దొరికింది. తిరుగులేని రుజువు 1991లో వచ్చింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో నడిపిన పరీక్షలో, అంతకుముందు నాడీ నాళ లోపమున్న బిడ్డను కన్న తల్లులకు గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీ పరీక్ష, మొదటిసారి గర్భం దాల్చేవారికీ ఇది మేలు చేస్తుందని చూపించింది.

మన దగ్గర పరిస్థితి లెక్కవేసి చూద్దాం. రేషన్ బియ్యంలో వందకు ఒక పాలు చొప్పున పోషక గింజలు కలిపే పద్ధతి వచ్చింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో తీసినవి అవి. రంగులో, రూపంలో కాస్త తేడా చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. దయచేసి పారేయకండి, గంజి వార్చి పారబోయకండి. అయితే ఆ బియ్యం ఒక్కటే చాలుతుందని కూడా అనుకోకండి. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే అందేది 22 నుంచి 38 మైక్రోగ్రాములే. గర్భం కోరుకునే స్త్రీకి రోజుకు 400 కావాలి. పదో వంతు కూడా రావడం లేదు.

బడిలో, అంగన్‌వాడీలో వారానికోసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. అది రక్తహీనతకు ఉద్దేశించింది. వారానికోసారి ఇచ్చే పద్ధతిలో 2,800 మైక్రోగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. తోటకూర, పాలకూర, పెసలు తప్పకుండా తినాలి. కానీ ఎక్కువసేపు ఉడికిస్తే వాటిలోని ఫోలేట్ చాలావరకు పోతుంది. కాబట్టి మిగిలింది మాత్ర. పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే రోజుకొకటి మొదలుపెట్టి మూడో నెల దాటేదాకా వేసుకోవాలి. చాలా చవకైన మందు. ముందు నాడీ నాళ లోపంతో బిడ్డ పుట్టినవారికి, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి మోతాదు వేరు, జాగ్రత్త కూడా వేరు. వాల్‌ప్రోయేట్ నాడీ నాళ లోపాల ముప్పును పెంచుతుంది. సొంతంగా ఆపేయకూడదు, గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

రెండో ఘట్టం, ఇందాక చెప్పిన మడతలు పడే కాలం. ఐదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి మళ్లీ ఫోలేటే కావాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడు అమ్మ కడుపులో వేసుకోవలసిన మడతల్ని ఇంక్యుబేటర్‌లో వేసుకోవలసి వస్తుంది. అందువల్ల బీపీ చూపించుకోవడం, రక్తహీనత తగ్గించుకోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు వైద్యం చేయించుకోవడం, ఆల్కహాల్, పొగ దగ్గరికి రానీయకపోవడం, ఇవన్నీ మెదడును కాపాడే పనులే. ఇంకో మాట. మన జిల్లాల్లో మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. మెదడు చిన్నదిగా, మడతలు అస్తవ్యస్తంగా ఏర్పడే జబ్బుల్లో కొన్ని, తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉన్నప్పుడు వస్తాయి; దగ్గర చుట్టాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఇంట్లో అలాంటి బిడ్డ ఒకరున్నా, మళ్లీ గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీలలో జన్యు పరీక్షలున్నాయి. తల్లిని నిందించడం మాత్రం వద్దు. దాగి ఉన్న లోపం ఇద్దరిలోనూ సమానంగానే ఉంటుంది.

మూడో ఘట్టం కాన్పు. పెద్దవాళ్లలో మెదడు బరువు శరీరంలో రెండు శాతం, తినే శక్తి ఇరవై శాతం. పసిబిడ్డలో దాని వాటా ఇంకా ఎక్కువ. ఆ శక్తిని అందించే నాణెం ఏటీపీ. దానికి నిల్వ ధనం ఫాస్ఫోక్రియాటిన్. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు గారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా ఏటీపీని కనిపెట్టాడు. కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోతే మెదడులో మొదట కరిగిపోయేది ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ. 1984లో లండన్ వైద్యులు ఊపిరాడక పుట్టిన శిశువుల మెదడులో ఈ రెంటినీ బయటినుంచే కొలిచారు. సుబ్బారావు గారు పరీక్షనాళికల్లో తేల్చినవి అరవై ఏళ్లు తిరక్కుండానే ఉయ్యాలలోని బిడ్డ ప్రమాదాన్ని అంచనా వేయడానికి పనికొచ్చాయి.

నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఈ నష్టం మడతల మీద ఒక గుర్తు వదిలిపెడుతుంది. రక్తప్రసరణ మందగించినప్పుడు గట్టు పైభాగానికి ఎంతో కొంత రక్తం చేరుతుంది, గాడి అడుగుకు చేరదు. అందుకని గట్టు పైన బాగానే ఉండి, అడుగున సన్నబడి మచ్చ కడుతుంది. దాన్ని యులీగైరియా అంటారు. పాతికేళ్ల యువకుడు మూర్ఛలతో వస్తే, ఎం.ఆర్.ఐ.లో ఆ సన్నబడిన గట్లు కనిపిస్తే, "పుట్టినప్పుడు ఏడ్చాడా?" అని తల్లిని అడుగుతాం. చాలాసార్లు ఆవిడ కళ్లు దించుకుంటుంది. ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ నష్టం జరిగాక సరిచేయడం కష్టం. సంపన్న దేశాల్లో బిడ్డ శరీరాన్ని చల్లబరిచే చికిత్స మేలు చేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో జరిపిన హెలిక్స్ పరీక్షలో మాత్రం, 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, మేలు కనబడలేదు, మరణాలు పెరిగాయి. కాబట్టి మనకు దారి ముందు జాగ్రత్తే. కాన్పు ఆస్పత్రిలో జరగాలి. పుట్టిన తొలి నిమిషంలో ఏడవని బిడ్డకు అంబూ బ్యాగ్‌తో ఊపిరి అందించగల మనిషి పక్కన ఉండాలి. లంక గ్రామాల వాళ్లకు ఇది ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు ఎన్నో రోజులు నీళ్లలో ఉన్నాయి. నెలలు నిండిన వాళ్లను పడవ మీద ఒడ్డుకు చేర్చడం ఒట్టి సహాయక చర్య కాదు, పుట్టబోయే బిడ్డ మెదడుకు చేసే వైద్యం. వరద హెచ్చరిక రాకముందే, జూన్‌లోనే, ప్రతి లంకలో ఏడో నెల దాటిన తల్లుల జాబితా సిద్ధంగా ఉండాలి.

ఇక నా విన్నపాలు. తల్లులారా, మీ ఇంట్లో పెళ్లి కుదిరితే పెళ్లికూతురికి ఇచ్చే సామాన్లతోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్రల సంగతి కూడా చెప్పండి. అది సిగ్గుపడే మాట కాదు. వైద్య విద్యార్థులారా, మూర్ఛతో వచ్చిన ప్రతి రోగి దగ్గరా కాన్పు చరిత్ర అడగండి, గర్భం ధరించగల వయసున్న స్త్రీకి ఏ మందు రాసినా ఒక క్షణం ఆలోచించండి. ఆశా కార్యకర్తలారా, మీరు కొత్త దంపతుల ఇళ్లకు ఎలాగూ వెళుతున్నారు. గర్భం నమోదు చేసే ముందే మాత్ర గురించి చెప్పగలిగే ఏకైక వ్యక్తి చాలా ఇళ్లల్లో మీరే.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన స్మారక నిధి నిర్వాహకులకు చివరి మాట. ఏటా ఒక ఉపన్యాసంతో ఆగకండి. నిధి మీద వచ్చే వడ్డీలో కొంత భాగంతో ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలల్లో, నర్సింగ్ కళాశాలల్లో ఈ విషయం చెప్పే ఏర్పాటు చేయండి. వచ్చే ఏడు ఈ వేదిక మీదికి వచ్చే వక్త, సుబ్బారావు గారి గొప్పతనం చెప్పే ముందు, ఎన్ని ఊళ్లల్లో ఎంతమంది అమ్మాయిలకు ఆయన మాత్ర సకాలంలో అందిందో లెక్క చెప్పాలి. ఆ లెక్క పెరిగినకొద్దీ ఆయన పేరు మనం సరిగ్గా నిలబెడుతున్నట్టు.